జడపాయలు - చెవితమ్మెలు

ధవళేశ్వరం దాటిన గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మరల వైనతేయ విడివడి, అమలాపురానికీ రాజోలుకూ నడుమగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఈ పాయల మధ్య నేలకే కోనసీమ అని పేరు. ఏటి చీలికను పాయ అన్న తెలుగువారు, జడ అల్లడానికి విడదీసిన జుట్టును కూడా పాయ అనే అన్నారు. నీటినీ కురులనూ ఒకే కన్నుతో చూసినవారికి గాని ఇటువంటి మాట దొరకదు. ఇటలీ దేశపు లియొనార్డో డావించీ నీటి సుడులను గీస్తూ, నీటి కదలికకూ కురుల వంపుకూ పోలిక వున్నదని తన కాగితాల మీద వ్రాసుకొన్నాడు. మనుమరాలికి జడ వేసే కోనసీమ ముసలమ్మకు ఆ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు.

అయితే అదే మనుమరాలు కాగితానికి బదులు టాబ్లెట్ అనే అద్దపు పలక మీద మామ్మ ముఖం గీయబోయినప్పుడు ఈ పాయ సంగతే ముందుగా మరచిపోతుంది. కళ్ళను ఎంతో శ్రద్ధగా గీస్తుంది. ముక్కును రెండు మూడు మార్లు చెరిపి దిద్దుతుంది. జుట్టు దగ్గరకూ చెవి దగ్గరకూ వచ్చేసరికి చూడడం మానేసి, తనకు తెలిసినది గీస్తుంది. ముఖచిత్రంలో పోలిక చెడేది తరచుగా అక్కడే. చూపినవారి విమర్శ చెడేది కూడా అక్కడే.

కొత్తపేటలో తొమ్మిదవ తరగతి చదివే ఒక బాలిక అటువంటి బొమ్మనొకదానిని తెచ్చి పంతులుగారికి చూపించిందనుకొనవచ్చును. వినబడే మాటలు సాధారణంగా రెండే. ఒకటి "చాలా బాగుందమ్మా" అన్నది. రెండవది "పోలిక రాలేదే" అన్నది. మొదటి మాటతో పిల్ల సంతోషించి వెళ్ళిపోతుంది. మరునాడు వేసే బొమ్మలోనూ అవే తప్పులు వుంటాయి. రెండవ మాటతో మరునాడు బొమ్మే వుండదు. పన్నెండు పదమూడేళ్ళ వయస్సు పిల్లలు తమ బొమ్మలను పోలికతో కొలుచుకొనడం మొదలుపెట్టే వయస్సు. గీయడం మానివేసేవారిలో చాలామంది మానేది అప్పుడే. కనుక ఈ రెండు మాటల నడుమ మూడవ మాట ఏమిటన్నది చిన్న ప్రశ్న కాదు.

మూడవ మాటకు మొదటి లక్షణం, అది ఒక చోటును వ్రేలుపెట్టి చూపడం. "జుట్టు సరిగా లేదు" అనడం చూపడం కాదు. జుట్టులో ఏమి జరిగిందో చూడాలి. అద్దపు పలక మీద బొమ్మను ఎంత కావలిస్తే అంత పెద్దది చేసుకొనే వీలున్నది. పిల్ల అలా పెద్దది చేసుకొని, పాపిడి దగ్గర నుంచి ఒక్కొక్క వెంట్రుకే గీసుకుంటూ వచ్చింది. గంటన్నర శ్రమ. తీరా బొమ్మను మామూలు కొలతకు తెచ్చి చూస్తే, తల మీద జుట్టుకు బదులు ఎండుగడ్డి పరచినట్లున్నది. ఆ గంటన్నర శ్రమను గుర్తించకుండా మాట్లాడే విమర్శకుణ్ణి పిల్ల వినదు, వినవలసిన అవసరమూ లేదు.

ఇక్కడ అడగవలసినది ఒక ప్రశ్న. కాలువ గట్టు మీద నిలబడి అవతలి కొబ్బరితోటను చూస్తే ముందుగా కనబడేది ఏమిటి? ఆకు కాదు, ఈనె కాదు. ఆకాశానికి ఎదురుగా ఒక నల్లని ఆకృతి. తరువాత ఆ ఆకృతిలో వెలుగు పడిన భాగమూ పడని భాగమూ. ఆపైన చెట్టు చెట్టుకూ వున్న ఎడమ. విడి ఆకులు కనబడేవి అంచుల దగ్గర మాత్రమే, అవీ కొన్ని. జుట్టు కూడా అంతే. ముందు తల గుండ్రదనాన్ని అనుసరించిన మొత్తపు ఆకృతి, తరువాత పాయలు, తరువాత వెలుగునీడలు, చిట్టచివర నుదుటి మీదా చెంప దగ్గరా చెదిరిన నాలుగైదు వెంట్రుకలు. కొబ్బరినూనె రాసి దువ్విన తల మీద వెలుగు ఒక పట్టీలాగా అడ్డంగా పడుతుంది; ఆ పట్టీ తల వంపును చెబుతుంది. వెంట్రుకలన్నీ నిలువుగా గీసిన పిల్ల ఆ అడ్డపు వెలుగును చూడలేదు. "మామ్మ తల మీద మెరుపు ఏ దిక్కుగా పోతున్నది?" అని అడిగితే, చూసి వచ్చి తానే చెబుతుంది.

ఈ మాటలలో కొత్త ఏమీ లేదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం కేశాలను ఆరు తీరులుగా విభజించింది. అలలవలె సాగేవి తరంగాలు, కుడివైపు సుడి తిరిగేవి దక్షిణావర్తాలు, జూలువలె లేచేవి సింహకేసరాలు. ఈ విధంగా వాటికి పేర్లు పెట్టింది. పేరు పెట్టినది వెంట్రుకకు కాదు, వాటి పోకడకు. వసిష్ఠ అవతలి ఒడ్డున నరసాపురంలో 1933లో పుట్టిన బాపు బొమ్మలలో జడను చూసినా ఇదే తెలుస్తుంది. చిక్కని నలుపు ఒకటి, దాని ఒంపు ఒకటి, అక్కడక్కడ వదిలిన తెలుపు గీత ఒకటి. లెక్క పెట్టడానికి వెంట్రుకలు దొరకవు. జడ మాత్రం బరువుగా వ్రేలాడుతుంది. అద్దపు పలకలలో ఒక్క గీతతో వంద వెంట్రుకలు పడే తయారు కుంచెలు కూడా వుంటాయి. అవి పనికిరావని కాదు గాని, పాయ ఎటు పోతున్నదో తెలియని చేతిలో ఆ కుంచె అందరి తలల మీదా ఒకే సవరాన్ని పెడుతుంది.

చెవి సంగతి మరింత విచిత్రం. ముఖంలో ఎవరూ పరీక్షించి చూడని భాగం అది. ఆ కారణం చేతనే పందొమ్మిదవ శతాబ్దంలో ఇటలీకి చెందిన జొవాన్నీ మొరెల్లీ దానిని పట్టుకొన్నాడు. వైద్యవిద్య చదివిన ఈయన, సంతకాలు లేని పాత చిత్రాలు ఎవరివో తేల్చడానికి చెవులనూ వ్రేళ్ళనూ పరిశీలించే పద్ధతి నొకదానిని 1874 నుంచి లెర్మోలియెఫ్ అనే మారుపేరుతో ప్రకటించాడు. ఆయన వాదం ఇది: చిత్రకారుడు కళ్ళనూ పెదవులనూ ఒళ్ళు దగ్గర పెట్టుకొని గీస్తాడు, చెవిని మాత్రం అలవాటు కొద్దీ గీస్తాడు, అందుచేత ఎవరి బొమ్మ వేసినా అందులో చెవి చిత్రకారుడిదే అవుతుంది. 1893లో ప్రకటితమైన ఒక షెర్లాక్ హోమ్స్ కథలో కూడా అపరాధ పరిశోధకుడు చెవుల పోలికను బట్టి రక్తసంబంధాన్ని కనిపెడతాడు. అపరాధ పరిశోధకులు చూసినంత శ్రద్ధగా చిత్రకారులు చెవిని చూడకపోవడం విచారకరమే.

మొరెల్లీ చెప్పినది దొంగ చిత్రాలను పట్టేవారికే గాక పంతుళ్ళకు కూడా పనికివస్తుంది. తెలుగు పిల్లల చదువు దిద్దడంతో మొదలవుతుంది. పంతులు పలక మీద అక్షరం వ్రాస్తాడు, పిల్లవాడు దాని మీదనే పదిమార్లు దిద్దుతాడు, అక్షరం వస్తుంది. తప్పును సరిచేయడాన్ని కూడా దిద్దడమే అంటారు. చెవికి పెట్టుకొనే దిద్దులు వేరే సంగతి. అక్షరానికి ఈ పద్ధతి తగినదే. 'అ' అందరికీ ఒకటే గనుక. చెవి అందరికీ ఒకటి కాదు. పంతులుగారు బొమ్మ పుచ్చుకొని తానే ఒక చక్కని చెవి గీసి ఇస్తే, పిల్ల నేర్చుకొనేది పంతులుగారి చెవిని. ఆపైన ఆ తరగతి వేసే ముఖాలన్నిటికీ అదే చెవి అతుకుతుంది.

పుస్తకపు సూత్రానికి కూడా ఈ ప్రమాదం వున్నది. చెవి పైఅంచు కనుబొమకు సమంగా, చెవితమ్మె ముక్కు అడుగుకు సమంగా వుండాలని చిత్రలేఖనం నేర్పేవారు చెబుతారు. మంచి సూత్రమే. కాని తల వంచితే చెవి కనుబొమ కన్న పైకి పోయినట్లు కనబడుతుంది. తల ఎత్తితే క్రిందికి దిగుతుంది. వయస్సుతో చెవితమ్మె సాగుతుంది. ఏళ్ళ తరబడి బరువైన కమ్మలు పెట్టుకొన్న మామ్మకు తమ్మె మరింత సాగి, కుట్టు నిలువుగా చీలిక అయి వుంటుంది. పిల్ల దానిని ఉన్నదున్నట్లు గీసి తెస్తే, "చెవి ముక్కు కన్న క్రిందికి వచ్చింది, తప్పు" అని దిద్దే పంతులు మామ్మనే బొమ్మలో నుంచి తుడిచివేసినవాడవుతాడు. పోలిక వుండేది సూత్రం తప్పిన ఆ నాలుగు నూలుల దగ్గరనే. మామ్మ గతించిన తరువాత ఇంటిల్లిపాదీ బొమ్మలో వెతికేది కూడా దానినే.

అందుచేత చెవి గురించి చెప్పదలచినవారు ముందుగా అడిగి తెలుసుకొనాలి: మామ్మ తల వంచి కూర్చున్నదా? కమ్మ బరువా? బయటి అంచు ఎక్కడ మొదలై ఎక్కడ తమ్మెలో కలుస్తున్నది? లోపలి మడత ఎన్ని కొమ్మలుగా చీలింది? చెవి రంధ్రానికి ముందున్న చిన్న గుబ్బ నీడలో వున్నదా, వెలుగులోనా? ఈ అయిదు ప్రశ్నలకూ జవాబు చెప్పిన పిల్లకు దిద్దుబాటు చాలావరకు అక్కడే అయిపోతుంది.

బొమ్మ మీద గీసి చూపక తప్పని సందర్భం కూడా వుంటుంది. కాగితపు రోజులలో పంతులు పెన్సిలు పడితే పిల్లవాని గీత నలిగిపోయేది. అద్దపు పలక ఈ విషయంలో మేలు. అసలు బొమ్మకు పైన, లేయర్ అనే పలుచని పొరనొకదానిని పరచి, పంతులు తన గీతలను ఎర్రరంగులో దాని మీద గీయవచ్చును. చూసిన తరువాత ఆ పొరను తొలగిస్తే పిల్ల బొమ్మ చెక్కుచెదరకుండా వుంటుంది. ఆ పొర మీద పూర్తి చెవి వేయకుండా, తల వాలిన దిక్కుకు ఒక గీత, చెవి వాలిన దిక్కుకు ఒక గీత వేసి ఊరుకొన్నవాడు తెలివైన పంతులు. బొమ్మను అద్దంలోవలె తిరగవేసి చూపడం ఇంకా సులభం. ఒక చెవి ఎక్కువ ఎత్తున వుంటే అప్పుడు ఎవరూ చెప్పకుండానే పిల్లకు కనబడుతుంది.

శిష్యుని చేతిని తన చేతిగా మార్చకుండా దారి చూపిన గురువు ఎలా వుంటాడో చెప్పడానికి గోదావరి సీమలో చక్కని ఉదాహరణ వున్నది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. 1897లో జన్మించిన దామెర్ల రామారావు ప్రతిభను చిన్నతనంలోనే గుర్తించి ప్రోత్సహించినవాడు ఆయనే. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యులలోనివాడే. 1916లో రామారావు బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్ళడంలో ఆయన ప్రోత్సాహం వున్నది. కూల్డ్రే శిష్యుడు ఇంగ్లండు దృశ్యాలు వేసే మరో కూల్డ్రే కాలేదు. తెలుగు స్త్రీలనూ, ఇక్కడి కట్టునూ బొట్టునూ, ఈ నదినీ చిత్రించాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండా, మశూచికానికి బలి అయినా, ఆయన చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వున్న చిత్రకళా మందిరంలో నిలిచివున్నవి. కోనసీమ పాఠశాలల నుంచి అక్కడికి పిల్లలను ఉదయం తీసుకుపోయి సాయంత్రానికి తిరిగి రావచ్చును. అలా తీసుకుపోయే పంతుళ్ళు, ముఖాల అందం గురించి ఉపన్యసించే బదులు, స్త్రీల కొప్పులలో పాయలు ఎటు మలుపు తిరిగినవో, చెవులు ఎన్ని రకాలుగా వున్నవో లెక్క వ్రాసుకొని రమ్మంటే బాగుంటుంది.

కొత్తపేట బాలిక బొమ్మలో ఇంకొక చోటు మిగిలిపోయింది. జుట్టు చెవి వెనుకకు పోయే చోటు అది. చాలామంది అక్కడ గట్టి గీత గీసి చెవినీ జుట్టునూ విడదీస్తారు. చెవి కత్తిరించి అంటించినట్లు కనబడుతుంది. నిజానికి అక్కడ గీత లేదు, చెవి జుట్టు మీద వేసే మెత్తని నీడ వున్నది. ఆ నీడలో నుంచి రెండు మూడు నెరసిన వెంట్రుకలు చెవి మీదుగా ముందుకు వస్తాయి. వాటిని చిట్టచివర వేయాలి, ఒక్కొక్కటి ఒక్కొక్క గీతతో, చేయి ఆపకుండా.