అటక మీది పెట్టె

అమెరికాలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో తాత చనిపోయాడు. కొన్నాళ్ళకు మనవరాలు అటక మీది సామాను దించింది. ఒక పాత పెట్టె దొరికింది. అందులో కొన్ని ఉత్తరాలు ఉన్నాయి. ఒక ఫొటో ఉంది. ఒక గుండ్రటి గుడ్డ బిళ్ళ ఉంది. పసుపు రంగు గుడ్డ మీద నల్ల చిరుతపులి తల. ఆ చిరుత ఒక ట్యాంకును నోట కరిచి నలిపేస్తోంది.

"ఇదేంటమ్మా?" అని అడిగింది మనవరాలు.

"మీ తాత యుద్ధానికి వెళ్ళొచ్చాడు. అంతకుమించి నాకూ తెలీదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు" అంది తల్లి.

ఇలాంటి పెట్టెలు అమెరికాలో ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. ఆ చిరుతపులి ఎవరి గుర్తు? తాత ఎక్కడికి వెళ్ళాడు? ఇంటివాళ్ళకు ఎలా తెలుస్తుంది?

చిరుతపులి దళం

రెండో ప్రపంచ యుద్ధం 1939లో మొదలైంది. 1945లో ముగిసింది. ఆ యుద్ధంలో జర్మనీ సైన్యం ట్యాంకులతో వచ్చి చాలా దేశాలను ఆక్రమించింది. ట్యాంకు అంటే దళసరి ఇనుముతో చేసిన బండి. దాని మీద ఫిరంగి ఉంటుంది. బురదలోనైనా, పొలాల్లోనైనా పోతుంది. మామూలు తుపాకీ గుండు దాన్ని ఏమీ చేయలేదు.

ట్యాంకులను ఎదుర్కోవటానికి అమెరికా 1941 చివరలో ప్రత్యేక దళాలను ఏర్పాటు చేసింది. వాటిని ట్యాంక్ డిస్ట్రాయర్ దళాలు అన్నారు. అంటే ట్యాంకులను ధ్వంసం చేసే దళాలు. ట్యాంకును కరిచిన చిరుతపులి వాటి గుర్తు.

కొన్ని దళాలు ఫిరంగిని బండి వెనక తగిలించి లాక్కెళ్ళేవి. కొన్ని దళాలకు ఫిరంగి బండి మీదే ఉండేది. ఒక్కో బండికి ఐదుగురు. చూడటానికి అది ట్యాంకులాగే ఉండేది. కాని దానికి పైకప్పు లేదు. కప్పు లేకపోతే బరువు తగ్గుతుంది. చుట్టూ బాగా కనిపిస్తుంది. అందుకని అలా చేశారు. కాని వాన పడ్డా, మంచు కురిసినా లోపలివాళ్ళ నెత్తిమీదే. పైన గుండు పేలితే ఆ ముక్కలూ వాళ్ళ మీదే పడేవి.

ఇంట్లో ఎందుకు తెలియలేదు?

దీనికి చాలా కారణాలు ఉన్నాయి.

సైనికులు ఇంటికి ఉత్తరాలు రాసేవారు. ఆ ఉత్తరాలను ముందు పై అధికారులు చదివేవారు. ఊరి పేరు రాస్తే కొట్టేసేవారు, లేదా కత్తిరించేసేవారు. శత్రువుకు తెలియకూడదని అలా చేసేవారు. అందుకే చాలా ఉత్తరాల్లో "ఫ్రాన్సులో ఒక చోట" అని మాత్రమే ఉండేది.

పైగా ఈ దళాలు ఒకచోట ఉండేవి కావు. ఈరోజు ఒక పెద్ద సైన్యానికి తోడు పంపేవారు. రేపు ఇంకో దానికి. యుద్ధం అయిపోయాక, 1946 నాటికి ఈ దళాలను రద్దు చేశారు. తర్వాత పుట్టిన పిల్లలకు ఆ పేరే తెలియకుండా పోయింది.

ఇంటికి తిరిగొచ్చినవాళ్ళలో చాలామంది నోరు విప్పలేదు. తోటివాళ్ళు కళ్ళముందే చనిపోయిన సంగతి భార్యాపిల్లలకు ఏమని చెబుతారు?

ఫైళ్ళు కాలిపోయాయి

ప్రభుత్వం దగ్గర ప్రతి సైనికుడికీ ఒక ఫైలు ఉండేది. అవి సెయింట్ లూయీ నగరం దగ్గర ఒక పెద్ద భవనంలో ఉండేవి. 1973 జూలై 12న ఆ భవనం పై అంతస్తులో నిప్పంటుకుంది. ఆర్పటానికి నాలుగు రోజులు పట్టింది. ఒక కోటి 60 లక్షల నుంచి ఒక కోటి 80 లక్షల దాకా ఫైళ్ళు పోయాయి. 1912 నుంచి 1960 దాకా భూసైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళ ఫైళ్ళలో నూటికి 80 కాలిపోయాయి. వాటికి నకళ్ళు లేవు.

మరి తాత సంగతి ఇక తెలియదా? తెలుస్తుంది. దారి పెట్టెలోనే ఉంది.

ఉత్తరం మీద ఊరి పేరు ఉండేది కాదు. కాని పంపినవాడి పేరు, దళం నంబరు ఉండేవి. ఆ నంబరే తాళంచెవి. సైన్యంలో ఒక్కో కంపెనీ రోజూ ఒక చిట్టా రాసేది. ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు జబ్బుపడ్డారు, ఎవరికి గాయమైంది, ఎవరు చనిపోయారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ చిట్టాలు మిగిలాయి. నంబరు తెలిస్తే చిట్టా దొరుకుతుంది. చిట్టా దొరికితే తాత ఏ రోజున ఎక్కడ ఉన్నాడో తెలుస్తుంది.

భవనంలో దాచిన కోటికి పైగా ఫైళ్ళు కాలిపోయాయి. భార్యో, తల్లో పెట్టెలో దాచిన ఉత్తరం పనికొచ్చింది.

52 ఏళ్ళ తర్వాత

కాగితం విలువ చెప్పే సంగతి ఇంకొకటి ఉంది.

అమెరికా సైన్యంలో అప్పట్లో నల్లవారిని, తెల్లవారిని వేరువేరు దళాల్లో ఉంచేవారు. 614వ ట్యాంక్ డిస్ట్రాయర్ దళంలో సైనికులు నల్లవారు. అందులో ఛార్లెస్ థామస్ అనే అధికారి ఉండేవాడు. 1944 డిసెంబరు 14న ఫ్రాన్సులోని క్లైంబాక్ అనే ఊరి దగ్గర పోరు జరిగింది. థామస్ బండి అందరికన్నా ముందుంది. మొదటి దెబ్బ దానికే తగిలింది. ఆయన ఛాతీకి, కాళ్ళకు, చేతికి గాయాలయ్యాయి. అయినా తన బండిలోని వాళ్ళను దింపాడు. రెండు ఫిరంగులను సరైన చోట పెట్టించాడు. తన బాధ్యత ఇంకో అధికారికి అప్పగించాడు. ఆ తర్వాతే వెనక్కి వెళ్ళటానికి ఒప్పుకున్నాడు.

ఆయనకు ఒక పతకం ఇచ్చారు. కాని అన్నిటికన్నా పెద్దదైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వలేదు. ఆ యుద్ధంలో పోరాడిన నల్ల సైనికుల్లో ఒక్కరికీ అది అప్పట్లో దక్కలేదు. ఇది అన్యాయం కాదా? 1990 తర్వాత సైన్యం పాత కాగితాలను తీయించి మళ్ళీ చదివించింది. 1997 జనవరి 13న ఏడుగురికి ఆ పతకం ఇచ్చారు. వారిలో థామస్ ఒకరు. అప్పటికి ఏడుగురిలో ఒక్కరే బతికి ఉన్నారు. థామస్ 1980లోనే చనిపోయాడు. పతకాన్ని ఆయన కుటుంబంవారు అందుకున్నారు.

ఆ రోజు జరిగింది ఎవరో రాసిపెట్టారు. అందుకే 52 ఏళ్ళ తర్వాతైనా న్యాయం జరిగింది.

నాలుగు మాటలు చాలు

ఆ యుద్ధం ముగిసేనాటికి మన దేశ సైన్యంలో 25 లక్షల మంది చేరారు. వారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం నుంచి ఎంతోమంది వెళ్ళారు. వాళ్ళ ఇళ్ళలోనూ ఇలాంటి పెట్టెలు ఉంటాయి.

అమెరికాలోని ఆ మనవరాలు ఏం చేసింది? ఫొటో వెనక పెన్సిలుతో మెల్లగా రాసింది. తాత పేరు. దళం నంబరు. ఊరి పేరు. సంవత్సరం. నాలుగు మాటలే. కాని ఇక ఆ ఫొటో ఎవరిదని ఎవరూ అడగరు.

మీ ఇంట్లో పేరు రాయని ఫొటో ఉందా? అందులో ఉన్నది ఎవరో తెలిసినవాళ్ళు ఉండగానే అడగండి. మీ చేత్తో మీరే రాయండి.