బస్తర్ నీళ్లకు ఏ పూస?

అయాన్ మార్పిడి రెజిన్ ఆవగింజలంత పాలిస్టైరిన్ పూసల రాశి. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్తలు తొలి కృత్రిమ రెజిన్లను తయారు చేశారు. నీరు పూసల మీదుగా పోతున్నప్పుడు కాల్షియం, మెగ్నీషియం పూసకు అంటుకుంటాయి, సోడియం నీటిలోకి వస్తుంది. కఠిన జలం మెత్తబడుతుంది. పూసల శక్తి అయిపోతే ఉప్పునీటితో కడిగితే చాలు, మళ్లీ పనిచేస్తాయి. కర్మాగారాల బాయిలర్లకు ఖనిజాలు లేని నీటిని ఇచ్చేవీ అయాన్ మార్పిడి రెజిన్లే, కానీ వేరే రకాలవి.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో చిక్కు వేరు. బకావండ్ ప్రాంతంలోనూ, తెలుగు వినిపించే భోపాల్‌పట్నం వైపూ కొన్ని ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోతాయి. కాల్షియంను పట్టే పూస ఫ్లోరైడ్‌ను పట్టదు; రుణ అయాన్లను పట్టే సాధారణ రెజిన్ కూడా సల్ఫేట్, క్లోరైడ్‌లను ముందు పట్టుకుని ఫ్లోరైడ్‌ను చివరికి వదిలేస్తుంది. అందుకే అల్యూమినియం ఎక్కించిన ప్రత్యేక రెజిన్ గానీ, యాక్టివేటెడ్ అల్యూమినా గానీ కావాలి. లేదంటే, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం సరిపోతాయి.

పూసలకు ఇనుము మరో శత్రువు. బస్తర్ ప్రాంతంలోని బైలాడిల్లా ఇనుప ఖనిజపు సీమ కదా! కరిగిన ఇనుము గాలి తగిలి తుప్పుగా మారి పూసలను కప్పేస్తుంది. కనుక ముందు నీటికి గాలి పట్టించి, ఇసుకలో వడకట్టాలి.

నీటిని పరీక్షించకుండా ఏ ఊళ్లోనూ ఫిల్టరు బిగించవద్దు.