తగ్గని దగ్గు, తడి గోడలు



"సిస్టర్, మందులు వాడినన్ని రోజులు బాగుంటుంది. ఆపితే మళ్లీ దగ్గు, ఆయాసం. పుట్టింటికి పోయి పది రోజులుంటే మాత్రం ఏ మందూ లేకుండానే తగ్గుతుంది." వానాకాలంలో ఓ.పి.కి వచ్చే తల్లులు కొందరు ఇలా చెబుతుంటారు. ఇంట్లో వాళ్లేమో "అక్కడ పని ఉండదు కదా, అందుకే" అని నవ్వుతారు. ఆ మాటను నవ్వి వదిలేయకండి. ఆ జబ్బుకు కారణం ఇంటి గోడల్లోనే ఉండవచ్చు.

బూజు అంటే ఏమిటి?

బూజు అనగానే మనకు సాలెగూళ్లు గుర్తుకొస్తాయి. ఇక్కడ చెప్పేది అది కాదు. పాత రొట్టె మీద, తడి గోడ మీద నల్లగా, పచ్చగా, తెల్లగా పట్టే బూజు. ఇది ఒక ఫంగస్. తేమ ఉన్న చోటల్లా పెరుగుతుంది. మన వనపర్తి ఎండల ప్రాంతమే అయినా ఇంట్లో తేమ చేరే దారులు చాలా ఉన్నాయి. కురిసే మట్టి మిద్దె, పగిలిన స్లాబు, స్నానాల గదిని ఆనుకున్న గోడ, కిటికీ లేని గది, పడక గదిలో ఆరవేసిన బట్టలు, సరిగా ఎండకుండానే మూట కట్టిన పల్లీలు. 2009 అక్టోబరు వరదల్లో అలంపూర్ వైపు ఇళ్లు నీట మునిగాయి. అలా మునిగిన ఇంటి గోడలు పైకి ఆరినట్లు కనిపించినా లోపల చెమ్మ చాలాకాలం ఉంటుంది.

ఏం చేస్తుంది?

బూజు నుండి కంటికి కనిపించని బీజాలు గాలిలో కలుస్తాయి. వాటిని పీల్చిన అందరికీ జబ్బు రాదు. కొందరికి తుమ్ములు, ముక్కు కారడం, దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి అది ఎక్కువవుతుంది. ఇంట్లో తేమకూ, బూజుకూ, శ్వాస జబ్బులకూ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే తెలిపింది.

కొద్దిమందిలో ఊపిరితిత్తుల లోపలే వాపు వస్తుంది. నెలల తరబడి అదే గాలి పీలిస్తే ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడతాయి. ఆ మచ్చలు మళ్లీ పోవు. మన దేశంలో 1,084 మంది ఊపిరితిత్తుల రోగులపై జరిగిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. అందులో 47 శాతం మందికి ఉన్నది ఈ రకం జబ్బే. వారిలో దాదాపు సగం మంది ఎయిర్ కూలరు గాలికి అలవాటుపడినవారు. కూలరులోని తడి గడ్డి, నిలవ నీరు బూజుకు మంచి చోటు.

బ్రిటన్‌లోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల బాబు చనిపోయాడు. అద్దె ఇంట్లో బూజు ఉందని తండ్రి ఎన్నిసార్లు చెప్పినా దాన్ని తొలగించలేదు. ఆ బూజే కారణమని 2022 నవంబరులో విచారణ అధికారి తేల్చారు. చెప్పిన మాట వినకపోతే ఎంత నష్టమో చూడండి.

ఏం చేయాలి?

1. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందుగా క్షయ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం.

2. క్షయ కాదని తేలినా దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఛాతీ డాక్టరును కలవండి. 2022 నుండి వనపర్తిలోనూ, నాగర్‌కర్నూల్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి.

3. డాక్టరు అడగకపోయినా మీ ఇంటి గురించి చెప్పండి. గోడకు చెమ్మ ఉందా? గదిలో ముక్కిన వాసన వస్తుందా? కూలరు వాడతారా? ఊరికి వెళితే తగ్గి, ఇంటికి వస్తే మళ్లీ మొదలవుతుందా? ఏ రోజు ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకొని తీసుకెళ్లండి.

4. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ బిళ్లలు వాడవద్దు. అవి కొన్నాళ్లు సుఖమిచ్చి అసలు జబ్బును దాచేస్తాయి. డాక్టరు రాసిన ఇన్‌హేలరును మాత్రం భయపడి ఆపకండి.

5. పెదవులు నీలంగా మారినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో జాగ్రత్తలు

ముందు నీరు కారే చోటును బాగు చేయించండి. తడి ఉండగా పైన సున్నం వేస్తే బూజు మళ్లీ వస్తుంది. గోడను సబ్బు నీళ్లతో రుద్ది, తుడిచి, బాగా ఆరనివ్వండి. ఆ పని చేసేవారు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఆయాసం ఉన్నవారు ఆ పని చేయకూడదు, ఆ సమయంలో గదిలో ఉండకూడదు. బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ కలపకండి, విషవాయువు పుడుతుంది. కూలరు తొట్టిని తరచుగా కడగండి. ఏటా ఎండాకాలం మొదట్లో గడ్డి మార్చండి. రోజూ కిటికీలు తెరిచి గాలి, వెలుతురు రానివ్వండి. పడకలను, దుప్పట్లను ఎండలో వేయండి.

అద్దె ఇల్లయితే యజమానికి గోడ చూపించి చెప్పండి. బాగుచేసే లోపు కనీసం పడకను ఆ గది నుండి మార్చండి.

చివరిగా ఇంటి పెద్దలకు ఒక మాట. కోడలో, పిల్లవాడో "ఈ గదిలో పడుకుంటే ఊపిరి ఆడటం లేదు" అంటే అనుమానమనీ, సోమరితనమనీ అనకండి. ఒకసారి ఆ గదిలోకి వెళ్లి మంచం వెనుక గోడను చూడండి. అక్కడ నల్ల మచ్చలు కనిపిస్తే ఆ సంగతి డాక్టరు గారికి చెప్పండి.