గట్టుక్రింది కాపురం

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలులో కార్తీకమాసంలో ప్రయాణం చేసేవారికి ఇరుప్రక్కలా వరిచేలు కన్నులపండువుగా కనిపిస్తాయి. పొట్ట విచ్చి వెన్నులు తొంగిచూసే కాలమది. కాని గట్టుమీద నడిచే రైతు చూపు వెన్నులమీద నిలువదు. గట్టు ప్రక్కన వెదుకుతూ ఉంటుంది. నిన్న లేని క్రొత్తమట్టి కుప్ప నేడు అక్కడ కనిపించిందా, అతని గుండె గతుక్కుమంటుంది. చేలో పందికొక్కు కాపురం పెట్టినదన్నమాట!

ఈ జంతువుకు తెలుగువారు పెట్టిన పేరు సముద్రాలు దాటిపోయినది. పందికొక్కు అనే మాటే ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయినది. డెల్టా వరిచేలలో విస్తారంగా కనిపించే చిన్నరకం పందికొక్కును శాస్త్రజ్ఞులు ‘బాండికోటా బెంగాలెన్సిస్’ అంటారు. ఆ జాతినామానికీ మూలం మన మాటే. పేరు లోకానికి దక్కినది గాని, ఆ జంతువును పట్టే విద్య మాత్రం గట్టు దాటి బడిలోనికి రాలేదు.

1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తి అయినది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. కాలువనీటితో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల భూములు మాగాణులైనాయి. మాగాణి అంటే నీరు మాత్రమే కాదు. మడిమడికీ గట్టు, కాలువకాలువకూ కట్ట. నీళ్ళ నడుమ తడవని ఆ గట్లే పందికొక్కులకు ఇండ్లస్థలాలైనాయి. ఈదడం దానికి బాగా వచ్చు. మడిలో నీరున్నా దాని రాకపోకలకు అడ్డు లేదు.

దాని ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నిత్యం కొరికి అరగదీసుకోవలసినదే. వరిదుబ్బు మొదట ఏటవాలుగా కొరికిన పిలకలు దాని రాకకు గుర్తులు. కడుపుకు తిన్నదానికంటె కొరికి పడవేసినదీ, బొరియకు మోసినదీ రైతుకు ఎక్కువ దుఃఖం కలిగిస్తాయి. బొరియలో గడ్డి పరచిన పురిటిగది ఒకటి, వెన్నులు దాచే గాదె ఒకటి వేరువేరుగా ఉంటాయి. లోపల ఉన్నంతసేపు ద్వారాన్ని మట్టితో మూసివేస్తుంది. ఆపదలో తప్పించుకోవడానికి, పలుచని మన్నుతో కప్పిన దొంగదారి ఒకటి ఉంచుకుంటుంది. సుమారు మూడు వారాల గర్భం. ఈతకు అనేక పిల్లలు. పంట పండే కాలానికే సంతానమూ పెరుగుతుంది.

ఇంతటి జిత్తులమారిని జయించిన విద్య యానాదులది. యానాది మొదట కుండ ముట్టడు. గట్టు చుట్టూ నడుస్తాడు. ఏ మట్టి నేటిది, ఏది నాలుగు రోజులనాటిది, దొంగదారి ఎక్కడ తేలుతుంది అన్నది కన్నుతోనే తేల్చుకుంటాడు. తక్కిన కన్నాలన్నీ బురదతో మూయిస్తాడు. అప్పుడు గడ్డి కూరిన కుండలో నిప్పు వేసి, మూతిని బొరియకు ఆనించి, కుండ అడుగున ఉన్న చిన్న రంధ్రం నుంచి ఊదుతాడు. పొగ సొరంగమంతా నిండుతుంది. ఉక్కిరిబిక్కిరి అయిన పందికొక్కు బయటపడబోయి చేతికి చిక్కుతుంది. దీనినే ‘ఊదర పెట్టడం’ అంటారు. 1909లో దక్షిణదేశపు కులాలను, తెగలను గురించి ఏడు సంపుటాలు వెలువరించిన ఎడ్గర్ థర్‌స్టన్ ఈ తెలుగుమాటను తన గ్రంథంలో నమోదు చేశాడు. చిక్కిన జంతువు మాంసము, బొరియలో దొరికిన ధాన్యము పట్టినవారి తిండికి ఆసరా అయ్యేవి.

పొగ పెట్టడానికి వీలులేనిచోట ఎలుకబుట్ట అక్కరకు వస్తుంది. వంచిన వెదురుబద్ద బలమే దీనికి ఆధారం. ప్రొద్దుగూకే వేళ జంతువు నడిచే బాటలోనే ఎర పెట్టి బుట్టను అమరుస్తారు. అది లోపలికి తలదూర్చి ఎరను కదిలించగానే బద్ద సడలి త్రాడు బిగుస్తుంది. బుట్ట బాటకు బెత్తెడు ప్రక్కకు జరిగినా రాత్రి వృథాయే.

దూరదేశపు వేటలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. ఉత్తర అమెరికాలో బీవర్ అనే జంతువు ఉన్నది. అదీ ఎలుకవలె కొరికే జాతిదే. కొమ్మలతో, బురదతో వాగుకు అడ్డుకట్ట కట్టి, గూటి ద్వారాన్ని నీటి అడుగున పెట్టుకుంటుంది. నీరు పారే కాలంలో వేటగాడు అది గట్టెక్కే దారిలో ఉచ్చు ఒడ్డుతాడు. నీరు గడ్డకట్టిన కాలంలో గూటినుంచి అది ఈదిపోయే త్రోవను కనిపెట్టి, పైనున్న మంచుకు రంధ్రం చేసి, గుంజలతో దారి ఇరుకుచేసి ఉచ్చును దించుతాడు. అయితే ఆ వేటను నడిపినది యూరపులోని టోపీల అంగడి. 1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ వంటి సంస్థల బొచ్చు వ్యాపారం వల్ల ఎన్నోచోట్ల ఆ జంతువే కనుమరుగైనది. యానాది వేటకు హద్దు పక్కనున్న చేనే. మంచులోనైనా మాగాణిలోనైనా ఇల్లు తెలిసినవానికే జంతువు చిక్కుతుంది.

విషపు ఎర వచ్చిన తరువాత ఈ తెలివితో పనిలేదని కొందరు తలచారు. కాని జింకు ఫాస్ఫైడ్ కొద్దిగా తిని బ్రతికిన ఎలుక మళ్ళీ ఆ ఎర జోలికి పోదు. అందుకే మొదట విషంలేని ఎర పెట్టి అలవాటు చేయాలని వ్యవసాయశాస్త్రం బోధిస్తున్నది. ఒక్క రైతు తన చేను శుభ్రం చేసుకున్నా ప్రక్కచేలోనివి వచ్చి ఖాళీ బొరియలలో చేరుతాయి. ఊరంతా ఒకేసారి పూనుకోవాలి. ఏ బొరియలో ప్రాణమున్నదో తెలియనిదే ఎర ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆ తెలివి మళ్ళీ యానాదిదే.

ఆ తెలివికి అతడు చెల్లించే మూల్యం చిన్నది కాదు. నోటితో ఊదే పొగ కండ్లను, ఊపిరితిత్తులను కాలుస్తుంది. బొరియలో చేయిపెడితే పాము ఉండవచ్చు. ఎలుక మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకుతుంది. తమిళనాడులో ఇదే వృత్తి చేసే ఇరుళుల కోసం చేతితో త్రిప్పి పొగ ఊదే ఇనుప సాధనాన్ని ఈ శతాబ్ది ఆరంభంలో తయారుచేశారు. కుండ మారినా, గట్టును చదివే కన్ను మారలేదు.

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్నది. దేశమంతటా పేరుపొందిన సాంబమసూరి వరి, బి.పి.టి. 5204, ఆ ఊరి పరిశోధనాక్షేత్రంలో పుట్టినదే. వరి వంగడాన్ని సృష్టించినవానికి పుస్తకంలో చోటున్నది. పండిన వెన్నును గాదె చేరేదాకా కాచినవానికి లేదు. యానాది పిల్లవాడు బడికి వచ్చినప్పుడు తండ్రి వృత్తి చెప్పుకోవడానికి సిగ్గుపడకూడదు. ఆ వృత్తిలోనే జీవితం గడపవలసిన అగత్యమూ వానికి ఉండకూడదు. ఉపాధ్యాయుడు ఒక ఉదయం తరగతిని గట్టుమీదికి నడిపించి, క్రొత్తమట్టికి పాతమట్టికి తేడా చెప్పమని ఆ పిల్లవాణ్ణి అడిగితే, ఆనాటి పాఠం వాడే చెబుతాడు.