కరోనా వైరస్ కొత్త రూపాలు ఎలా దాలుస్తుంది?

"మొదటిసారి కరోనా వచ్చినప్పుడు శొంఠి కషాయంతోనే తగ్గింది. రెండవసారి అదే కషాయం తాగినా ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. మందు గుణం పోయిందా? రోగం గుణం మారిందా?" వైద్యవృత్తిలో ఉన్న నన్ను ఈ ప్రశ్న అడిగిన గృహిణులు ఎందరో ఉన్నారు. మొదటిసారి రోగాన్ని జయించినది శరీరంలోని రోగనిరోధక శక్తి; కషాయం గొంతుకు ఉపశమనం మాత్రమే ఇచ్చింది. ఇక రోగకారకం మారిన మాట నిజం.

వైరస్‌కు ఆహారం లేదు, శ్వాస లేదు, ఆలోచన అంతకంటే లేదు. మన కణంలో ప్రవేశించి, అక్కడి ముడిసరుకుతోనే తన ప్రతులను తయారు చేసుకుంటుంది. కరోనా వైరస్ జన్యులిపిలో సుమారు 30,000 అక్షరాలు ఉన్నాయి. తాళపత్ర గ్రంథాలకు నకళ్ళు రాసిన లేఖకుల చేతిలో పాఠాంతరాలు పుట్టినట్లే, ఇక్కడ కూడా అక్షరాలు తప్పిపోతాయి. 'గుడి' అన్న మాటలో కొమ్ము జారిపోతే 'గడి' అవుతుంది. అర్థం మారినా మాట నిలుస్తుంది. ఈ అక్షరదోషాలనే శాస్త్రజ్ఞులు ఉత్పరివర్తనాలు అంటారు. వీటిలో అధిక భాగం వైరస్‌కు నిరుపయోగం లేదా హానికరం. నిజానికి కరోనా వైరస్‌లో తప్పులు దిద్దే ఎంజైమ్ ఒకటి ఉన్నది. ఫ్లూ వైరస్‌కు ఆ సౌకర్యం లేదు. అయినా, ఒకరినుండి ఒకరికి సాగే పరంపరలో నెలకు సగటున రెండు మార్పులు నిలిచిపోయాయి.

ఏ తప్పు నిలుస్తుందో నిర్ణయించేది పరిస్థితి. 2020లో ఈ వ్యాధికి నిరోధక శక్తి దాదాపు ఎవరికీ లేదు. కనుక వేగంగా అంటుకొనగలిగిన రూపమే గెలిచింది. వైరస్ పైనుండే స్పైక్ ప్రోటీన్‌లో 614వ స్థానంలో ఒక్క మార్పు పొందిన రూపం కొద్ది నెలల్లోనే ప్రపంచమంతా వ్యాపించింది. ఆ ఏడాది చివరలో ఇంగ్లండులో ఆల్ఫా బయటపడింది. 2020 అక్టోబరులో మన దేశంలో సేకరించిన నమూనాలలో మొదట కనిపించిన డెల్టా, 2021 వేసవిలో ఎంత విషాదం మిగిల్చిందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి సంస్థలు రోగుల నమూనాలలోని జన్యులిపిని చదివి ఇటువంటి రూపాలను గుర్తిస్తూ వచ్చాయి.

2021 చివరికి పరిస్థితి మారింది. టీకా వల్లనో, వ్యాధి సోకడం వల్లనో చాలామందిలో నిరోధక శక్తి ఏర్పడింది. అప్పుడు వేగం ఒక్కటే చాలదు, మారువేషం కూడా కావాలి. ఆ నవంబరులో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో బయటపడిన ఒమిక్రాన్ స్పైక్ ప్రోటీన్‌లో 30కి పైగా మార్పులు ఉన్నాయి. పాత ప్రతిరక్షకాలు దానిని సరిగా గుర్తుపట్టలేకపోయాయి. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రావడానికి ఇదొక ముఖ్య కారణం.

"కాలం గడిచేకొద్దీ వైరస్ తప్పక బలహీనపడుతుంది" అనే మాట విద్యావంతుల నోట కూడా వింటున్నాను. ఇది నియమం కాదు. తరువాత వచ్చిన డెల్టా మొదటి రూపం కంటే తీవ్రమైనది. రోగి మంచం పట్టకముందే ఈ వైరస్ ఇతరులకు చేరిపోతుంది; ఆ తరువాత అతడు కోలుకున్నా, మరణించినా దాని వ్యాప్తికి పెద్ద తేడా లేదు. ఒమిక్రాన్ స్వల్పమనే పేరు తెచ్చుకున్నా, 2022 ఆరంభంలో హాంకాంగులో టీకా వేయించుకోని వృద్ధులు పెద్దసంఖ్యలో మరణించారు.

చరక సంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో, వేర్వేరు ప్రకృతులు గలవారు ఒకే కాలంలో ఒకే వ్యాధికి ఎలా గురవుతారని అగ్నివేశుడు ఆత్రేయుని అడుగుతాడు. గాలి, నీరు, దేశం, కాలం చెడిపోవడమే కారణమని సమాధానం. గొప్ప ప్రశ్నే. అయితే ఆ శ్లోకాలలో ఉత్పరివర్తనాలను వెదకడం నాకు సమ్మతం కాదు.

నిరోధక శక్తి బాగా క్షీణించినవారి శరీరంలో ఈ వైరస్ నెలల తరబడి ఉండి, అనేక మార్పులు కూడగట్టుకోగలదు. క్యాన్సరు చికిత్స పొందుతున్నవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు ఇంట్లో ఉంటే, జలుబు, దగ్గు ఉన్న పిల్లలను వారి దగ్గర పడుకోబెట్టరాదు. దగ్గేవారు మూతికి మాస్కు కట్టుకోవాలి, గది కిటికీలు తెరచి ఉంచాలి. టీకా విషయం వైద్యుని అడగాలి. తులసి, మిరియాల కషాయం, ఉప్పునీటి పుక్కిలింత గొంతు నొప్పికి హాయినిస్తాయి, నిరభ్యంతరంగా వాడవచ్చు. అవి ఏ రూపంలోని వైరస్‌నూ చంపవు. ఆయాసం మొదలైతే మాత్రం పొయ్యిమీద కషాయం మరిగేదాకా ఆగక, రోగిని వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.