రెండు తంత్రుల వాద్యం - ఒక శిల్పి

చైనా సంగీతంలో మానవకంఠానికి అత్యంత సన్నిహితమైన ధ్వని గల వాద్యంగా ‘అర్‌హు’ ప్రసిద్ధి పొందింది. ‘అర్’ అంటే రెండు. దీనికి ఉన్నవి రెండే తంత్రులు. ‘హు’ అనేది చైనాకు ఉత్తర, పశ్చిమ దిక్కుల్లో నివసించిన సంచారజాతులను సూచించే ప్రాచీన శబ్దం. గుర్రపు తోకవెంట్రుకలతో పలికించే ఇటువంటి వాద్యాన్ని 11వ శతాబ్దికి చెందిన షెన్ కువో అనే పండితుడు ప్రస్తావించాడు. గడ్డిమైదానాల నుండి వచ్చిన పరదేశివాద్యం కాలక్రమంలో ఆ దేశపు సొంతవాద్యమైంది. పాశ్చాత్యుల వయొలిన్‌ను మన కర్ణాటక సంగీతం తనలో కలుపుకొన్న తీరు ఇక్కడ స్ఫురించక మానదు.

దీని నిర్మాణం చూపులకు అతి సరళం. సన్నని కర్రదండం, దాని పైభాగాన రెండు బిరడలు, అడుగున ఆరు లేక ఎనిమిది పలకల చిన్న కొయ్యపెట్టె, అంతే. వీణకున్నట్లు మెట్లు లేవు. వయొలిన్‌కున్నట్లు వేళ్లు ఆనించే పలక కూడా లేదు. వాద్యకారుడి వేళ్లు గాలిలో సాగిన తీగపైనే స్వరస్థానాలను వెదుక్కోవాలి. కమాను వెంట్రుకలు రెండు తీగల నడుమనుండి పోతాయి కాబట్టి కమానును వాద్యం నుండి వేరు చేయడం సాధ్యం కాదు. ఇంత చిన్న పెట్టెకు అంతటి గొంతు ఎక్కడిదంటే, దాని ముఖానికి బిగించిన కొండచిలువ చర్మానిది. తంత్రుల కంపనం గుర్రం ద్వారా ఆ చర్మానికి చేరి నాదమవుతుంది. చర్మం మందమెంత, బిగువెంత, పొలుసుల వరుస ఎలా ఉంది అని వేలితో తట్టి, చెవితో విని నిర్ణయించడమే ఈ శిల్పుల విద్యకు ప్రాణం.

ఉత్తమజాతి అర్‌హులకు వాడే కొయ్యల్లో ‘జితాన్’ ఒకటి. అది మన ఎర్రచందనమే! శేషాచలం మొదలైన తూర్పుకనుమల దక్షిణభాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ వృక్షం 1995లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చింది. మన వీణ పనసకర్రతో తృప్తిపడగా, దూరదేశపు ఫిడేలు మన కొండల చెట్టును కోరుకోవడం విచిత్రమే.

వీథిగాయకుల చేతిలో, నాటకబృందాల నడుమ మెలగిన ఈ వాద్యానికి 20వ శతాబ్ది ప్రథమార్ధంలో గౌరవస్థానం కల్పించినవాడు లియు తియెన్‌హ్వా (1895-1932). ఆయన పెకింగ్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ అర్‌హు కోసం పది ఏకవాద్య రచనలు చేశాడు. తరువాతి కాలంలో పెద్ద వాద్యబృందాలు వెలిశాయి; ఒక్కొక్క వేదికపై పదుల కొద్దీ ఫిడేళ్లు చేరాయి. చర్మం అవసరమూ పెరిగింది. కాని కొండచిలువలు అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకి రావడంతో, అనుమతిపత్రం లేనిదే వాటి చర్మమున్న వాద్యం సరిహద్దు దాటడం కష్టమైంది. పైగా ప్రకృతిసిద్ధమైన చర్మం తేమకు సడలుతుంది, ఎండకు బిగుస్తుంది. ఒక ఊరిలో శ్రుతి కలిసిన బృందం మరొక ఊరిలో గొంతు మార్చుకొంటుంది.

ఈ చిక్కును విప్పడానికి పూనుకొన్న శిల్పి యువెన్ షీచున్. 1977లో స్థాపితమైన హాంగ్‌కాంగ్ చైనీస్ ఆర్కెస్ట్రాలో ఆయన లియుచిన్ అనే చిన్న తంత్రీవాద్యాన్ని వాయించేవాడు. వాయించే వాద్యంలోని లోపాలు వాయించేవాడికే ముందు తెలుస్తాయి. ఆ తెలివిడితోనే ఆయన వాద్యనిర్మాణంలోకి అడుగుపెట్టి, ఆ సంస్థ వాద్యపరిశోధనకు ఆధారమయ్యాడు. 2000 దశకంలో ఆయన చర్మానికి బదులుగా పలుచని పాలిఎస్టర్ పొరను ఎంచుకొన్నాడు. పానీయాల సీసాలు తయారయ్యే జాతి పదార్థమే అది.

పొరను మార్చినంత మాత్రాన పని ముగియలేదు. చర్మం అంతటా ఒకే మందంతో ఉండదు. ఆ అసమానతలోనే దాని మాధుర్యం కొంత దాగి ఉంది. సమానమైన పొరతో అటువంటి ఆర్ద్రతను పలికించాలంటే పెట్టె లోపలి తీరు, గుర్రం, బిగువు అన్నింటినీ మళ్లీ ఆలోచించవలసి వచ్చింది. నమూనా వెంట నమూనా తయారైంది. అర్‌హుతో పాటు హెచ్చుశ్రుతి గల గావ్‌హు, మంద్రమైన జుంగ్‌హు, అంతకంటె పెద్దదైన గహు కూడా ఈ మార్గంలోనే రూపొందాయి. 2009 నాటికి ఆర్కెస్ట్రాలోని ఫిడేలు వర్గమంతా కొత్త వాద్యాలకు మారింది. చైనాలోని అనేక బృందాలు మంద్రస్థాయికి పాశ్చాత్య చెల్లోను ఆశ్రయిస్తుండగా, ఈ బృందం తన గహులనే నిలబెట్టుకొన్నది. ఇది చిన్న విజయమేమీ కాదు.

అయితే విద్వాంసులందరూ ఈ మార్పును తలకెత్తుకోలేదు. ఏకవాద్య కచేరీలు చేసేవారిలో ఎక్కువమంది నేటికీ కొండచిలువ చర్మపు అర్‌హునే చేపడుతున్నారు. పాత వాద్యంలోని గరుకుదనం, తడి ధ్వనించే ఆ గొంతు తమకు కావాలని వారి వాదం. వారి చెవిని తప్పుపట్టలేము. బృందవాద్యంలో ఇరవైమంది ఒక్కటిగా పలకవలసిన చోట మాత్రం, వానకూ ఎండకూ చలించని యువెన్ పొరకే మొగ్గు కనిపిస్తున్నది.