టీఎల్‌డీ బ్యాడ్జి: మోతాదు లెక్క చెప్పే స్ఫటికం

అణు విద్యుత్ కేంద్రంలో రేడియేషన్ ఉన్న చోట పనిచేసేవారు ఛాతీ మీద చిన్న ప్లాస్టిక్ బ్యాడ్జి పెట్టుకుంటారు. రేడియేషన్ నుంచి అది కాపాడదు. ఒంటికి ఎంత తగిలిందో లెక్క చెబుతుంది. దాని పేరు థర్మోల్యూమినిసెంట్ డోసిమీటర్, వాడుకలో టీఎల్‌డీ.

దీనికి ముందు ఫిల్మ్ బ్యాడ్జి ఉండేది. నల్ల కాగితంలో చుట్టిన ఫోటో పలకను కూడా యురేనియం లవణం నల్లబరుస్తుందని 1896లో భౌతిక శాస్త్రవేత్త బెకరెల్ గమనించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అణుబాంబు తయారీకి చేపట్టిన మాన్‌హటన్ ప్రాజెక్టు కోసం షికాగోలో ఎర్నెస్ట్ వోలన్ ఆ సూత్రంతోనే ఫిల్మ్ బ్యాడ్జి రూపొందించాడు. ఫిల్మ్ ఎంత నల్లబడితే మోతాదు అంత ఎక్కువ. అయితే వేడికీ తేమకూ కూడా ఫిల్మ్ మసకబారేది. ఒకసారి కడిగితే మళ్లీ పనికిరాదు.

టీఎల్‌డీలో ఫిల్మ్‌కు బదులు స్ఫటికం ఉంటుంది. కొన్ని స్ఫటికాలు వేడి తగిలితే మెరుస్తాయి. వజ్రంలో ఈ గుణాన్ని 1663లోనే రాబర్ట్ బాయిల్ వర్ణించాడు. రేడియేషన్ తాకినప్పుడు స్ఫటికంలో చోటు కదిలిన ఎలక్ట్రాన్లు కొన్ని లోపాల్లో చిక్కుకుపోతాయి. వేడి చేస్తే విడుదలై, దాచుకున్న శక్తిని వెలుగుగా వదులుతాయి. ఆ వెలుగును కొలిస్తే మోతాదు తెలుస్తుంది. 1950లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫారింగ్టన్ డేనియల్స్ బృందం దీన్ని కొలత సాధనంగా మలచింది.

భారత్‌లో భాభా అణు పరిశోధన కేంద్రం ఇందుకు కాల్షియం సల్ఫేట్‌ను ఎంచుకుంది. జిప్సంలో ఉండేది ఇదే. దానికి రవ్వంత డిస్ప్రోసియం చేర్చి, టెఫ్లాన్‌తో కలిపి బిళ్లలుగా చేస్తారు. ఒక్కో బ్యాడ్జిలో మూడు బిళ్లలుంటాయి. ఒకటి రాగి, అల్యూమినియం రేకుల వెనక, రెండోది ప్లాస్టిక్ వెనక ఉంటే, మూడోదానికి అడ్డేమీ ఉండదు. కాల్షియం సల్ఫేట్ తక్కువ శక్తి ఎక్స్ కిరణాలకు అసలుకు మించి స్పందిస్తుంది. ఆ అతిని లోహపు రేకులు తగ్గిస్తాయి. బీటా కణాలు రేకులను దాటలేవు. అందుకే మూడు బిళ్లల వెలుగును పోల్చితే తగిలింది ఏ రకం రేడియేషనో, ఎంతో తేలుతుంది.

నెలకో, మూడు నెలలకో బ్యాడ్జిని రీడర్‌లో పెట్టి వేడి చేస్తారు. సీసియం-137తో తెలిసిన మోతాదు ఇచ్చిన బిళ్లలతో రీడర్‌ను సరిచూస్తారు. కేంద్రం రేడియేషన్ సోకని చోట ఉంచిన కంట్రోల్ బ్యాడ్జి అంకెను ఉద్యోగి అంకెలోంచి తీసేస్తారు, ప్రకృతిలో సహజంగా ఉండే రేడియేషన్ అతని ఖాతాలో పడకుండా. చదివాక బిళ్లను మళ్లీ వేడిచేసి పాత గుర్తులు చెరిపి తిరిగి వాడతారు.

టీఎల్‌డీ అప్పటికప్పుడు హెచ్చరించలేదు. ఆ పని సిలికాన్ సెన్సర్, అలారం ఉన్న ఎలక్ట్రానిక్ డోసిమీటర్‌ది. ఒంట్లోకి చేరిన ట్రిటియం జాడ కూడా బ్యాడ్జికి అందదు. దానికి మూత్ర పరీక్ష చేస్తారు. ఇక బ్యాడ్జిని బల్ల మీద మరిచిపోతే, ఎంత మంచి స్ఫటికమైనా చెప్పేది బల్లకు తగిలిన మోతాదే.

భారత్‌లో ఉద్యోగికి మోతాదు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.